పసిపాప వీపులో కుంపటి

కార్తీకమాసంలో తెల్లవారుజామున అన్నవరం వచ్చినవాళ్ళకు ఈ దృశ్యం కొత్తది కాదు. పంపలో మునక వేసి పైకి వచ్చినవాళ్ళు తడిబట్టలతో గజగజ వణుకుతూ ఉంటారు. పళ్ళు టకటక కొట్టుకుంటాయి. మాట తడబడుతుంది. వ్రతం చేయించుకుందామని వచ్చిన దంపతుల చేతిలో నెలా రెండు నెలల పసిగుడ్డు ఉంటే, ఈసారి ఆ పాప వైపు చూడండి. చలిగాలి తగిలితే ఏడుస్తుంది, కాళ్ళూ చేతులూ ఆడిస్తుంది, అమ్మ గుండెల్లోకి ముడుచుకుంటుంది. కాని మీలాగా, నాలాగా వణకదు.

వణుకు అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. బరువు ఎత్తినప్పుడు మన కండరాలు పని చేస్తాయి. ఆ పనితోపాటు కొంత వేడి కూడా పుడుతుంది. వణికేటప్పుడు ఎదురెదురు కండరాలు ఒకదాన్నొకటి లాగుతాయి. బరువు ఏదీ కదలదు, పని ఏదీ జరగదు. ఖర్చయిన శక్తి అంతా వేడిగానే మిగులుతుంది. చలికి మన శరీరం వాడే ఉపాయం ఇది. పుట్టిన కొత్తలో ఈ ఉపాయం పిల్లలకు అంతగా చేతకాదు. కండరాలు లేతవి, వాటిని నడిపించే నరాల ఏర్పాటూ ఇంకా పూర్తికాలేదు. మరి వణకలేని పాప చలికి ఎలా తట్టుకుంటున్నది?

ఈ ప్రశ్న ఎంత గట్టిదో తెలియాలంటే పాప ఎంత త్వరగా చల్లారిపోగలదో తెలియాలి. కొండమీద ప్రసాదం సంగతి చూడండి. పెద్ద కళాయిలో వండిన ప్రసాదం చాలాసేపు పొగలు కక్కుతూనే ఉంటుంది. అదే ప్రసాదం పిడికెడు ఆకుపొట్లంలోకి వచ్చిందంటే మీరు మెట్లు దిగేలోపలే చల్లారిపోతుంది. పదార్థం ఒకటే, పరిమాణంలోనే తేడా.

లెక్క వేసుకోవచ్చు. 10 సెంటీమీటర్ల భుజం గల ఘనానికి ఘనపరిమాణం 1000 ఘన సెంటీమీటర్లు, ఉపరితల వైశాల్యం 600 చదరపు సెంటీమీటర్లు. భుజం సగం చేయండి. 5 సెంటీమీటర్ల ఘనానికి ఘనపరిమాణం 125, ఉపరితల వైశాల్యం 150. మొదటిదానిలో ఒక్కొక్క ఘన సెంటీమీటరుకు 0.6 చదరపు సెంటీమీటర్ల పైభాగం ఉంటే, రెండోదానిలో 1.2 ఉన్నది. వేడి పుట్టేది లోపల, పోయేది పైభాగం గుండా. అందుచేత వస్తువు చిన్నదయ్యేకొద్దీ వేడి పోవటానికి దారి ఎక్కువవుతుంది. 60 కిలోల మనిషికి చర్మం సుమారు ఒకటిన్నర చదరపు మీటర్లకు కొంచెం పైగా ఉంటుంది. 3 కిలోల పాపకు 0.2 చదరపు మీటర్లు ఉంటుంది. కిలోకు ఇంత అని భాగించి చూడండి. పాపకు మనకంటే రెండింతలకు మించి వస్తుంది. దానికితోడు చర్మం పలుచన, చర్మం కింద కొవ్వు తక్కువ, ఒంటికి తల పెద్దది.

పుట్టిన క్షణమైతే మరీ కష్టం. తల్లి కడుపులో పిల్ల ఉష్ణోగ్రత తల్లి ఉష్ణోగ్రతకంటే సుమారు అర డిగ్రీ ఎక్కువే ఉంటుంది. అక్కడ వేడి పుట్టించుకోవలసిన అవసరం లేదు, ఎక్కువైన వేడిని మాయ ద్వారా తల్లికి అప్పగిస్తే చాలు. అలాంటి చోటునుంచి ఒక్కసారిగా తడిఒంటితో బయటికి వచ్చి పడుతుంది. కొత్త కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మీరు చదువుకున్నారు కదా, నీరు ఆవిరి కావటానికి వేడి కావాలి. చర్మంమీద ఒక గ్రాము నీరు ఆవిరి కావటానికి సుమారు 580 కేలరీల వేడి పోతుంది. పాప ఒంటిమీద 10 గ్రాముల తడి, అంటే రెండు చిన్న చెంచాల నీరు, ఆరిపోయిందనీ, ఆ వేడి అంతా పాప ఒంట్లోనుంచే వచ్చిందనీ అనుకుందాం. 5800 కేలరీలు పోయినట్లు. 3 కిలోల పాపను ఒక డిగ్రీ చల్లబరచటానికి 2500 కేలరీలు పోతే చాలు. అంటే రెండు చెంచాల తడికి రెండు డిగ్రీలకు పైగా తగ్గవచ్చు! ఇది కాగితంమీద లెక్క అని కొట్టిపారేయకండి. తుడవకుండా, కప్పకుండా వదిలేసిన శిశువుకు మొదటి ఇరవై నిమిషాలలోనే 2 నుంచి 4 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గిపోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్యులకు చెబుతున్నది. పాపకు ఉండవలసినది 36.5 నుంచి 37.5 డిగ్రీలు.

పాప దగ్గర ఒక కుంపటి ఉన్నది. దాని చోటు మీకు చూపిస్తాను. రెండు జబ్బల ఎముకల మధ్య వీపుపైన, మెడ వెనుక, గుండెనుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాల వెంబడి, మూత్రపిండాల చుట్టూ పాపకు ఒక ప్రత్యేకమైన కొవ్వు ఉంటుంది. దాని రంగు మామూలు కొవ్వులాగా తెలుపూ పసుపూ కాదు, గోధుమరంగు. శాస్త్రజ్ఞులు దాన్ని గోధుమరంగు కొవ్వు అనే అంటారు. నెలలు నిండి పుట్టిన శిశువు బరువులో ఇది సుమారు నూటికి 5 వంతుల దాకా ఉండవచ్చు. 3 కిలోల పాపలో 150 గ్రాములన్నమాట.

దీనిని మొదట గమనించింది పాపలలో కాదు. స్విట్జర్లాండులో కోన్రాడ్ గెస్నర్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1551లో, ఆల్ప్స్ పర్వతాలలో చలికాలమంతా బొరియలో నిద్రపోయే మార్మట్ అనే జంతువు వీపులో దీన్ని చూశాడు. ఇది కొవ్వూ కాదు, మాంసమూ కాదు అని రాసుకున్నాడు. ఆ తరవాత నాలుగు వందల ఏళ్ళు దీని పని ఏమిటో ఎవరికీ సరిగా అంతుపట్టలేదు. శీతనిద్ర గ్రంథి అని పేరు పెట్టి ఊరుకున్నారు. 1960 దశకం మొదట్లో గాని ఇది వేడి పుట్టించే అవయవం అని తేలలేదు. ఇంగ్లండులో మైకేల్ డాకిన్స్, డేవిడ్ హల్ అనే వైద్యులు అప్పుడే పుట్టిన కుందేలు పిల్లలను చల్లని చోట ఉంచి పరీక్షించారు. కుందేలు పిల్లలూ వణకవు. అయినా వాటి జబ్బల మధ్య ఉన్న కొవ్వు చలిలో వేడెక్కుతూ ఉండటం వారు 1964 ప్రాంతాలలో చూపించారు.

మామూలు కొవ్వు కణాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే ఒకే ఒక పెద్ద నూనె బొట్టు కణాన్నంతా ఆక్రమించుకుని కనబడుతుంది. అది గాదె, సరుకు దాచుకునే చోటు. గోధుమరంగు కణంలో చిన్న చిన్న బొట్లు చాలా ఉంటాయి, వాటి మధ్య కిక్కిరిసిపోయి మైటోకాండ్రియాలు ఉంటాయి. ఆ రంగు వాటివల్ల వచ్చినదే. మైటోకాండ్రియాలలో ఇనుము ఉన్న పదార్థాలున్నాయి. గాదెకు తోడు పొయ్యి కూడా ఉన్న కణం ఇది. ఆ పొయ్యి ఎలా మండుతుందో చూడటమే ఈ కథలో నాకు అన్నిటికంటె ఇష్టమైన భాగం. అందులో మన గోదావరి జిల్లాల మనిషి ఒకరు కనబడతారు.

మన కణాలు అన్నంలోని శక్తిని నేరుగా వాడుకోలేవు. ముందుగా దాన్ని ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే చిన్న పదార్థంలోకి ఎక్కించుకోవాలి. క్లుప్తంగా ఎ.టి.పి. కండరం కదలాలన్నా, నరం వార్త మోయాలన్నా, కణం కొత్త ప్రోటీను కట్టుకోవాలన్నా ఎ.టి.పి. ఖర్చు కావలసిందే. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, మద్రాసులో వైద్యం నేర్చి, 1922లో అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో ఈ పదార్థాన్ని ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దీన్నే కనుక్కున్నారు. ఫైలేరియా మందు, ఫోలిక్ ఆమ్లం అంటే సుబ్బారావుగారి పేరు చెప్పేవాళ్ళు చాలామంది. ఎ.టి.పి. దగ్గర ఆయన పేరు చెప్పేవాళ్ళు తక్కువ.

ఈ ఎ.టి.పి. తయారీ ఎలా జరుగుతుందో సుబ్బారావుగారి కాలానికి తెలియదు. ఆయన 1948లో పోయారు. 1961లో ఇంగ్లండువాడు పీటర్ మిచెల్ ఒక వింత ఊహ చెప్పాడు. మైటోకాండ్రియానుకు రెండు పొరలున్నాయి. ఆహారం మండేటప్పుడు వచ్చే శక్తితో లోపలినుంచి ప్రోటాన్లను రెండు పొరల మధ్యకు తోడి పోస్తుంది. అవి అక్కడ పోగుపడి, మళ్ళీ లోపలికి రావటానికి ఒత్తిడి చేస్తూ ఉంటాయి. అచ్చంగా ఆనకట్ట వెనక నీరే! చాలామంది నమ్మలేదు. మిచెల్ పాతబడిన ఒక పెద్ద ఇంటిని బాగుచేయించుకుని అందులోనే ప్రయోగశాల పెట్టుకుని పని చేశాడు. 1978లో నోబెల్ బహుమానం ఆయననే వరించింది.

పోగుపడిన ప్రోటాన్లు లోపలికి రావటానికి ఒక దారి ఉంది. మోతుగూడెం దగ్గర సీలేరు నీళ్ళు గొట్టాలగుండా పడి టర్బైన్లను తిప్పినట్లుగా, ఈ ప్రోటాన్లు ఒక అణుయంత్రం గుండా వచ్చి దాన్ని తిప్పుతాయి. ఇది పోలిక కోసం చెబుతున్న మాట కాదు సుమా, ఆ యంత్రంలో ఒక భాగం నిజంగానే గిరగిర తిరుగుతుంది. జపాను శాస్త్రజ్ఞులు అది తిరగటాన్ని 1997లో సూక్ష్మదర్శినిలో చూసి చూపించారు. ఒక చుట్టుకు మూడు చొప్పున ఎ.టి.పి.లు తయారవుతాయి.

ఇప్పుడు పంపా జలాశయం గుర్తు తెచ్చుకోండి. అక్కడ టర్బైన్లు లేవు, తలుపులు ఎత్తితే నీరు ఊరికే బయటికి దూకుతుంది. దూకిన నీటిలోని శక్తి ఎక్కడికి పోయింది? శక్తికి నాశనం లేదని చదువుకున్నారు కదా. నీరు కిందపడి, నురగలు కక్కి, సుడులు తిరిగి, చివరకు ఆ శక్తి అంతా వేడిగా మారుతుంది. పడే ఎత్తు తక్కువ కనుక ఆ వేడి మన చేతికి తెలియదు.

గోధుమరంగు కొవ్వు చేసేది ఇదే. దాని మైటోకాండ్రియాల లోపలి పొరలో ఇలాంటి తలుపు ఒకటి ఉన్నది. అది ఒక ప్రోటీను. మొదట థెర్మోజెనిన్ అన్నారు, ఇప్పుడు యు.సి.పి.-1 అంటున్నారు. డేవిడ్ నికోల్స్ మొదలైనవారు 1970 దశకంలో దీని జాడ పట్టుకున్నారు. తలుపు తెరుచుకోగానే ప్రోటాన్లు టర్బైను వైపు పోకుండా ఈ దారిన లోపలికి దూకుతాయి. ఎ.టి.పి. తయారు కాదు. వాటిని తోడి పోయటానికి కణం ఇంకా ఇంకా కొవ్వు మండిస్తుంది, అవి వచ్చినవి వచ్చినట్లే దూకుతూ ఉంటాయి. శక్తి అంతా వేడి! మామూలు కణానికి ఇది దండగ, పాపకు ఇదే కావాలి. ఎలుకలవంటి చిన్న జంతువులలో పూర్తిగా రాజుకున్న గోధుమరంగు కొవ్వు కిలోకు 300 వాట్ల దాకా వేడి ఇవ్వగలదని అంచనా. విశ్రాంతిగా కూర్చున్న మనిషి ఒంట్లో సగటున కిలోకు ఒక వాటుకు కాస్త పైగా పుడుతుంది, అంతే.

తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటే తిన్నదంతా మండిపోతుంది. అందుకని దానికి గడియ ఉన్నది. ఆ గడియ పని చేసేవాటిలో ఎ.టి.పి. కూడా ఒకటి కావటం నాకు భలే ముచ్చటగా ఉంటుంది. ఎ.టి.పి.వంటి అణువులు వెళ్ళి తలుపుకు అతుక్కున్నంతసేపూ అది మూసుకునే ఉంటుంది. పాప చర్మానికి చలి తగిలిందనుకోండి. ఆ వార్త నరాల ద్వారా మెదడులో హైపోథాలమస్‌కు చేరుతుంది. అక్కడినుంచి వచ్చిన ఆజ్ఞకు కొవ్వులో ఉన్న నరాల కొసలు నార్ ఎడ్రినలిన్ విడుస్తాయి. కణంలోని నూనె బొట్లు విడివడి కొవ్వు ఆమ్లాలు వస్తాయి. ఇవే తలుపు గడియ ఊడదీస్తాయి, ఇవే పొయ్యిలో కట్టెలూ అవుతాయి. ఆ కొవ్వు నిండా ఉన్న రక్తనాళాలు వేడిని అందుకుని గుండెకూ, వెన్నుకూ, మెదడుకూ మోసుకుపోతాయి.

ఈ సంగతి తెలియక, ఇదే పని మందుతో చేయించబోయిన మనుషులున్నారు. డైనైట్రోఫినాల్ అనే రసాయనం ప్రోటాన్లను ఏ కణంలోనైనా దొంగదారిన లోపలికి చేరవేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు మందుగుండు కర్మాగారాలలో అది ఒంటికి పట్టిన పనివాళ్ళు చెమటలతో, జ్వరంతో చనిపోయారు. 1933 తరవాత అమెరికాలో దానినే ఒళ్ళు తగ్గే మందుగా అమ్మారు. తగ్గినవాళ్ళు తగ్గారు, కొందరు లోలోపలి వేడికి ఉడికిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1938లో నిషేధించారు. ఇప్పటికీ దొంగచాటుగా ఎక్కడో ఒకచోట అమ్ముతూనే ఉన్నారు. దానికి గడియ లేదు, విరుగుడూ లేదు.

ఇక పాప సంగతి. కుంపటి ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. అది మండాలంటే మూడు కావాలి, కొవ్వు ఉండాలి, ప్రాణవాయువు అందాలి, నరాలు చెప్పాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో ఆ కొవ్వు ఇంకా పోగుపడి ఉండదు, చివరి నెలలలోనే అది బాగా పెరుగుతుంది. ఊపిరి సరిగా అందని బిడ్డలో కొవ్వు ఉన్నా మండదు. చలిలో ఎక్కువసేపు ఉన్న బిడ్డ ఉన్న సరుకంతా కాల్చుకుంటుంది, రక్తంలో చక్కెర తగ్గుతుంది, పాలు తాగే ఓపిక పోతుంది, పాలు తాగక ఇంకా చల్లబడుతుంది. ఈ విషవలయంలో పడి చనిపోయే పసిపిల్లలు చలిదేశాలలోనే కాదు, మనలాంటి ఉక్క దేశాలలోనూ ఉన్నారు. వేసవిలో పుట్టిన పిల్లకు చలేమిటి అనే మాట నాకు నచ్చదు. బట్టల్లేని కొత్త పాప హాయిగా ఉండాలంటే చుట్టూ 32 డిగ్రీలకు తక్కువ కాకుండా ఉండాలి. మన గదిలో 28 డిగ్రీలుంటే మనం పంకా వేసుకుంటాం. పాపకు అది చలి!

కాబట్టి మీ ఇంట్లో పురుడు వచ్చినప్పుడు కొన్ని విషయాలు మీకు తెలిసి ఉండటం మంచిది. పుట్టగానే స్నానం పోయటం మన ఇళ్ళలో చాలాకాలంగా ఉన్న అలవాటు. మీ అమ్మమ్మగారు, నాయనమ్మగారు శుభ్రం కోసం చెప్పే మాటే అది. రెండు చెంచాల తడికే లెక్క ఏమయిందో చూశాం కదా, చెంబెడు నీళ్ళు పోసి ఆరబెడితే ఏమవుతుందో వారికి ఆ లెక్కే నెమ్మదిగా చెప్పి చూడండి. పుట్టగానే తుడవాలి, స్నానం మాత్రం కనీసం 24 గంటలు ఆగాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అయితే ఆ పెద్దవాళ్ళే నేర్పిన పొత్తిళ్ళు ఎంత తెలివైనవో కూడా చెప్పాలి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీర మడతల మధ్య గాలి నిలుస్తుంది. గాలి అధమ ఉష్ణవాహకం. తలకు టోపీ ఉంటే ఇంకా మంచిది. పురిటి గదిలో మంచం కింద బొగ్గుల కుంపటి మాత్రం వద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గులు కార్బన్ మోనాక్సైడు వదులుతాయి. దానికి వాసన లేదు, అది రక్తంలో ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది. మే నెల మధ్యాహ్నం నాలుగు దుప్పట్లు కప్పటమూ పొరపాటే, పాపకు వణకటం ఎలా రాదో, బాగా చెమట పట్టటమూ అలాగే రాదు.

పాపకు చలి వేస్తున్నదో లేదో కనుక్కోవటానికి థర్మామీటరు లేకపోయినా ఒక పరీక్ష ఉంది. మీ చేతులు వెచ్చగా చేసుకుని, చేతి వెనుకభాగంతో ముందు పాప పొట్ట, తరవాత అరికాళ్ళు తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే ఏ బెంగా లేదు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే పాప చలితో పోరాడుతున్నదన్నమాట. చర్మంలో రక్తనాళాలు ముడుచుకున్నాయి, వీపులో కుంపటి రాజుకున్నది. వెంటనే తల్లి గుండెలకు హత్తుకోవాలి, పాలు పట్టాలి. పొట్ట కూడా చల్లబడిందంటే కుంపటి ఓడిపోతున్నట్లు. హత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తవలసిందే.

తల్లి గుండెలకు హత్తుకోవాలని ఊరికే చెప్పటంలేదు. కొలంబియా దేశంలో బొగోటా నగరంలో ఎడ్గార్ రే, హెక్టర్ మార్టినెజ్ అనే వైద్యులు, నెలలు నిండని బిడ్డలకు ఇంక్యుబేటర్లు చాలక 1978, 79లలో ఒక పద్ధతి మొదలుపెట్టారు. బిడ్డను బట్టలు లేకుండా తల్లి రొమ్ములమధ్య నిలువుగా కట్టి ఉంచటం. కంగారూ పద్ధతి అని దానికి పేరు. ఇప్పుడు మన దేశంలోనూ ఆసుపత్రులలో చేయిస్తున్నారు. తండ్రి గుండె అయినా పనికివస్తుంది.

అసలు ఈ కొవ్వు లేకుండా బతికే జంతువులున్నాయా అని మీరు అడగవచ్చు. మన వీధుల్లోనే ఉన్నాయి. పంది వంశంలో సుమారు 2 కోట్ల ఏళ్ళ కిందటే యు.సి.పి.-1 జన్యువు పాడైపోయిందని 2006లో తేల్చారు. అందుకే పందిపిల్లలు పుట్టిన వెంటనే వణుకుతాయి, ఒకదానిమీద ఒకటి పడి గుట్టగా పడుకుంటాయి. ఈనబోయే పంది గడ్డీ గాదమూ నోటితో కరుచుకువచ్చి గూడు కట్టుకుంటుంది. ఆవు, మేక ఇలా చేయటం మీరు చూసి ఉండరు. వీపులో కుంపటి పోయినందుకు గడ్డి గూడుతో సరిపెట్టుకున్నదన్నమాట.

మరి మీ వీపులో? పెరిగేకొద్దీ గోధుమరంగు కొవ్వు తగ్గిపోతుంది, కండరాలు బలపడి వణుకు ఆ పని అందుకుంటుంది. పెద్దవాళ్ళలో అది బొత్తిగా ఉండదనే చాలాకాలం పుస్తకాలలో రాశారు. కేన్సరు వెదకటానికి ఒంట్లోకి చక్కెరవంటి పదార్థం ఎక్కించి, అది ఎక్కడెక్కడ చేరుతున్నదో చూసే పెట్ స్కాన్ వచ్చాక, కొందరి మెడలో, జబ్బలపైన ఏ రోగమూ లేని చోట వెలుగు కనబడటం మొదలయింది. చలిలో ఉన్నవారిలో అది ఇంకా ఎక్కువ. అది గోధుమరంగు కొవ్వేనని 2009లో మూడు పరిశోధక బృందాలు ఒకేసారి నిరూపించాయి. అందుకే ఇప్పుడు ఆ స్కాన్ కోసం వెళ్ళినవారిని ముందుగా వెచ్చని గదిలో, దుప్పటి కప్పి కాసేపు కూర్చోబెడతారు.